రత్నకుమారి పదకొండు

ఏదీ, ఆ ఫోన్ ఇలా ఇవ్వు. కళ్లజోడేదీ... ఆఁ, నెత్తి మీదే ఉంది. ఏమని పంపారు సర్జరీ వాళ్లు, అదే, మీ డాక్టరు క్లినిక్కు వాళ్లు? "నార్మల్, నో ఫర్దర్ యాక్షన్." అబ్బో! మూడంతస్తుల మెట్లెక్కలేక మధ్యలో కూలబడిన మా పక్కింటి పిల్లకి నార్మలంట! ఒళ్లు మండిపోతుంది నాకా మాట వింటే. కూర్చో నీలిమా, టీ తర్వాత పెడుదువుగాని. ముప్పయ్యేళ్లు ఈ గ్లాస్గోలోనే హాస్పిటల్ ల్యాబులో రక్తపరీక్షలు చేసినోణ్ణి నేను. ఈ నార్మల్ అనేది ఎవరు పుట్టిస్తారో నాకు తెలుసు. దేవుడేం కాదు. మా ల్యాబులో అయితే నేనూ, రత్నకుమారీ.

నీకెలా తెలుస్తుందిలే, ఆవిడ పోయి ఇరవై ఏళ్లు దాటింది. మావి పక్కపక్క బెంచీలు. తణుకు మనిషి. అన్నయ్యగారూ అని నోరారా పిలిచేది. చెయ్యెంత మంచిదంటే, ఆవిడ సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. మా బాసు తెల్లాయన, మనిషి చెడ్డోడు కాదు గానీ ప్రతిదానికీ తొందరే. ఆవిడ తెచ్చే పప్పుచెక్కల డబ్బా కోసం మా చుట్టూ తిరిగేవాడు, "రట్నా, ఎనీ క్రంచీ థింగ్స్ టుడే?" అని. అన్ని చెక్కలు తిన్నాడు కదా, ఆ మనిషి మొహం ఎంత పాలిపోయిందో ఒక్కరోజైనా చూశాడా? ఎక్కడున్నానూ... ఆఁ, నార్మల్ సంగతి.

ఒంట్లో ఐరన్ ఎంత నిలవుందో చెప్పే పరీక్ష ఒకటుంది, ఫెరిటిన్ అంటారు. నీ రిపోర్టులోనూ ఉంది చూడు. దానికి కొత్త మెషీను వచ్చింది. మెషీను మారితే నార్మల్ ఎంతో మళ్లీ తేల్చుకోవాలి. ఎలా తేలుస్తామనుకున్నావ్? ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లని నూట ఇరవై మందిని పట్టుకొచ్చి రక్తం తీస్తాం. వచ్చిన అంకెల్ని చిన్నదాన్నుంచి పెద్దదాకా వరస పెట్టి, ఈ చివర ముగ్గుర్నీ ఆ చివర ముగ్గుర్నీ తీసేస్తాం. మధ్యలో మిగిలినోళ్లంతా నార్మల్. అంతేనమ్మా! ఇదేదో శిలాశాసనమైనట్టు డాక్టర్లు కళ్లకద్దుకుంటారు.

మరి ఆరోగ్యంగా ఉన్నట్టు ఎలా తెలుస్తుందంటావా? అదీ అడగాల్సింది! ఒక ఫారం, అందులో ఒకే ఒక్క ప్రశ్న, "ఆరోగ్యంగా ఉన్నారా?" అని. బాసుకి చెప్పాను నేను, నెలసరి ఎక్కువవుతుందా, నీరసముందా, అవి కూడా అడుగుదామని. "పార్థా, వియ్ ఓన్లీ హావ్ టిల్ ఫ్రైడే" అన్నాడు. శుక్రవారమంట! శుక్రవారం దాటితే కొంప మునుగుతుందా? నర్సులొచ్చారు, క్లీనర్లొచ్చారు, ఇంకా ఇరవై మంది తక్కువ. అప్పుడు రత్న ఏం చేసింది, మనవాళ్లు ఉగాది చేసుకునే హాలుకి ఫారాలు పట్టుకొచ్చి పంచిపెట్టింది. మర్నాడు అందర్నీ ల్యాబుకి లాక్కొచ్చింది.

మన ఆడవాళ్ల సంగతి నీకు తెలియందేముంది. బాగున్నారా అంటే బాగున్నామండీ అనడమే, నూట రెండు జ్వరంలో ఉన్నా సరే. మా ఆవిడ సత్యమ్మ నెలకి ఎనిమిది రోజులు నడుం పట్టుకుని మూలిగేది, ఆవిడా టిక్కు పెట్టింది. ఏంటే ఇదంటే, "పండగపూట బాలేదని ఎవరైనా రాసిస్తారా, మీకేవన్నా మతి పోయిందా" అని నామీదే లేచింది. ఇక్కడివాళ్లు మాత్రం తక్కువా, కాలు విరిగినా "నాట్ బ్యాడ్" అంటారు. అలాంటోళ్ల మాట పట్టుకుని ఊరికి కొలబద్ద తయారుచేశాం!

శుక్రవారం నాలుగైంది, నూట పంతొమ్మిది దగ్గర ఆగింది. "ఇప్పుడెవర్ని వెతుకుతాం అన్నయ్యగారూ, నాది తీసెయ్యండి" అని రత్నే చెయ్యి చాపింది. అప్పటికావిడకి నలభై ఆరు. రెండు మెట్లెక్కితే ఆయాసం. స్టాఫ్‌రూం ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు తీసుకుని కరకరా నమిలేది. ఐరన్ తక్కువైనోళ్లకి అలా నమలాలనిపిస్తుంది, రోజూ అదే పరీక్ష చేసే నాకు తెలీదా? తెలుసు. అయినా ఫారం పట్టుకుని "బాగున్నావామ్మా?" అన్నాను. "బాగున్నానన్నయ్యగారూ" అంది. టిక్కు నేనే పెట్టాను.

వరస పెట్టాం. కింద ముగ్గుర్ని కొట్టేశాను. నాలుగో అంకె పదకొండు. అక్కణ్ణుంచి నార్మల్ అని గీత గీశాను. ఫారాల మీద పేర్లుండవు, నంబర్లే కదా, ఎవరిదో చూడలేదు.

ఏడేళ్లు గడిచాయి. రత్న సగమైపోయింది, బెంచీ దగ్గరే కళ్లు మూతలు పడేవి. జీపీ, అంటే ఆవిడ క్లినిక్కు డాక్టరు, రక్తం తీసి మా ల్యాబుకే పంపాడు. ఫెరిటిన్ పన్నెండు. పక్కన నార్మల్ అని అచ్చయింది. నెలసరి ఆగి మూడేళ్లయిన మనిషికి పన్నెండేంటి, ఉన్న రక్తం ఎటు పోతోంది అని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అడగలా! "నార్మలేనంట అన్నయ్యగారూ, మనం తేల్చిందే కదా" అని నవ్వింది పిచ్చిది. ఏడాది తిరక్కుండా పేగులో గడ్డ బయటపడింది. అన్నాళ్లూ లోపల రక్తం కారుతూనే ఉంది. అప్పటికే లివరుకి పాకేసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు వెళ్లి పాత ఫైలు తీశాను. పదకొండు ఎవరిదో చూద్దామని. నూట ఇరవయ్యో ఫారం. నా చేతి టిక్కు. ఆవిడ నీరసాన్నే గీతగా గీసి, దాంతోనే ఆవిణ్ణి కొలిచానమ్మా. బాసుని తిడదామంటే ఆయన రిటైరై ఎటో వెళ్లిపోయాడు. ఇంకెవర్ని తిట్టను?

...

నీదెంతుందీ? పద్నాలుగు. పదమూడు నుంచి నార్మలంట. చూశావా! ఇంకో పది నిమిషాల్లో ఎనిమిదవుతుంది, సర్జరీ తెరుస్తారు, ఫోన్ చెయ్యి. నెలసరి ఎన్ని రోజులు, మెట్ల మీద పడిపోయిన సంగతి, అన్నీ చెప్పు. సిగ్గుపడకు. ఈ పద్నాలుగు ఎందుకొచ్చిందో చెప్పేదాకా వదలకు. ఏంటి గొణుగుతున్నావ్? కాస్త గట్టిగా చెప్పు.

...బాగానే ఉన్నావా.

ఇలా ఇవ్వు ఫోన్. నేనే మాట్లాడతాను.