దోహాలో పద్నాలుగు గంటలు

భీమవరంలో ఒక టికెట్ల ఆఫీసు. బల్లకి ఇటు ఆఫీసు నడిపే ప్రసన్నలక్ష్మి, అటు రొయ్యల చెరువుల వీరభద్రరాజు గారు.

“ఇది వద్దమ్మా. దోహాలో గంటన్నర ఏం చాలుతుంది?”

“అది మొన్న చూసి పెట్టిందండి రాజుగారూ. ఇంకోటుంది. దోహాలో పద్నాలుగు గంటలు ఆగుతుంది. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో మారితే అక్కణ్ణించి ఈక్వడార్ పన్నెండు గంటలు. మధ్యలో మీ ఇద్దరికీ కాస్త విశ్రాంతి.”

“పద్నాలుగా? అదే కావాలి. పడుకోడానికి గది దొరుకుతుందా? బయటికెళ్ళే పని లేకుండా.”

“ఎయిర్‌పోర్టు లోపలే ఉంటాయండి, గంటల లెక్కన ఇస్తారు. మంచం, స్నానాల గది...”

“స్నానం మాట ఎందుకన్నావు?”

“ఊరికే అన్నానండి. గదన్నాక ఉంటుంది కదా.”

“తలస్నానానికి వీలవుతుందా? బకెట్టు, చెంబు ఉంటాయా?”

“ఉండవండి. షవరే.”

“షవరైనా ఫర్వాలేదులే. తల తడిస్తే చాలు.”

“అమ్మగారి మోకాళ్ళకి వీల్‌చెయిర్ రాశాను. ముందు వరస సీట్లు, కాళ్ళు చాపుకోవచ్చు. బుధవారమే కదండీ?”

“బుధవారమే. చూడమ్మా, మా ఆవిడ ఫోన్ చేసి అడిగితే, టికెట్లు చవగ్గా దొరికాయనే వచ్చే నెల ప్రయాణం ముందుకి జరిపామని చెప్పు.”

“చవకేంటండి, రెట్టింపు పడుతుంటే.”

“చెప్పమన్నాను కదమ్మా.”

“అమ్మగారితో అబద్ధం నా వల్ల కాదండి.”

“నా వల్ల అవుతోందా? నిన్నటి నుంచీ అదే పనిలో ఉన్నాను.”

“మంచినీళ్ళు తాగండి.”

“వాడు లేడమ్మా.”

“ఎవరండి?”

“ఉదయ్. మా బావమరిది. ఏ తమ్ముణ్ణి చూడ్డానికి ఆవిడ ఈ ప్రయాణం పెట్టుకుందో వాడే. నిన్న సాయంత్రం లాజరు ఫోన్ చేశాడు. లాజరు తెలుసుగా, నర్సాపురం మనిషి, ఈక్వడార్‌లో రొయ్యపిల్లల హేచరీలో వాడితోనే పని చేస్తాడు. పొద్దున్న లేపితే లేవలేదట. మనం వెళ్ళేదాకా ఉంచుతారట వాణ్ణి.”

“మీకు... నిన్ననే తెలిసిందా అండి?”

“నిన్ననే. అదేంటి, అలా చూస్తావు?”

“ఏం లేదండి. మరి అమ్మగారికి ఇంట్లోనే చెప్పొచ్చు కదా?”

“చెబితే ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఆడపడుచుకి మూడు రోజులు మైల అంటారు, గుమ్మం దాటనివ్వరు. వాడికి పెళ్ళాం పిల్లలు లేరు. ఆవిడ చూడాలి వాణ్ణి. కడసారి చూపు లేకుండా చేస్తే ఆవిడ మొహం నేనెలా చూడను?”

“అక్కడికి వెళ్ళాక...”

“పెట్టె ముందు నిలబెట్టి చెప్పమంటావా?”

“లేదండి.”

“విమానంలోనూ చెప్పలేను. చావు కబురు వింటే తల మీద నీళ్ళు పోసుకోందే మంచినీళ్ళయినా ముట్టదు. వాళ్ళ నాన్నగారు పోయిన కబురు సింహాచలం నుంచి వస్తుంటే తుని దగ్గర తెలిసింది. మే నెల. ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు తాగలేదు. అప్పుడు షుగర్ లేదు. ఇప్పుడు రోజుకి రెండు సూదులు. పన్నెండు గంటలు ఆకాశంలో అలా కూర్చుంటే మనిషి దక్కదమ్మా.”

“అందుకా దోహా.”

“అందుకే. గదిలో కూర్చోబెట్టి చెబుతాను. స్నానం చేశాక పాలో, పళ్ళో తినిపిస్తాను. ఏడ్చినంతసేపు ఏడవనిస్తాను. పద్నాలుగు గంటలు సరిపోతాయంటావా?”

“సరిపోతాయండి.”

“ముందే వెళ్దామంటే ఒక్క మాట అడగలేదు. సరేనని అటక మీంచి సూట్‌కేసు దించింది. తమ్ముడికి పూతరేకులు చెప్పమంది. అప్పుడు నా ప్రాణం పోయినంత పనైంది.”

“మీరెలా ఉన్నారండి?”

“నాకేం? చెరువు గట్టు మీద మోటారు నీళ్ళ కింద తల పెట్టాను, స్నానం అయిపోయింది. మా పెళ్ళికి వాడికి ఆరేళ్ళు. పెళ్ళిపీటల మీద నా ఒళ్ళోకొచ్చి నిద్రపోయాడు. చెరువుల పనంతా నా వెనకే తిరిగి నేర్చుకున్నాడు. కొడుకనే అనుకున్నానమ్మా. ఇంట్లో ఆవిడ ఉంది కదా, ఏడవడానిక్కూడా చోటు లేదు.”

“రాజుగారూ...”

“టికెట్టు కొట్టు. నీ కళ్ళల్లో నీళ్ళెందుకు? ఆవిడ ఫోన్ చేస్తే గొంతు మామూలుగా ఉండాలి. చవగ్గా దొరికాయని చెప్పు, అంతే.”

“ఆ టికెట్టు పొద్దున్నే పట్టి ఉంచానండి.”

“నేను రాకముందేనా? ఎవరడిగారు?”

“చెప్పనని ఒట్టేశాను. కానీ మీరిలా కూర్చుంటే దాచలేను.”

“ఎవరడిగారమ్మా?”

“అమ్మగారండి. లాజరు వాళ్ళావిడ నిన్న రాత్రే ఫోన్‌లో చెప్పేసిందట. ‘ఆయనకింకా తెలీదు ప్రసన్నా, గుండెకి స్టెంటు వేయించుకున్న మనిషి, ఇక్కడ చెబితే తట్టుకోలేరు. దారిలో స్నానానికి వీలున్న చోట ఎక్కువసేపు ఆగేది చూడు, కూర్చోబెట్టి నేనే నెమ్మదిగా చెప్పుకుంటాను’ అన్నారు.”