గురువారం జీపు

యూనివర్సిటీలో సీటొచ్చిందా ఫరహతూ? పాటల చదువా! కూర్చో బేటీ, కూర్చో. అయితే సాలీబాయి సంగతి నీకు చెప్పాల్సిందే. ఇంట్లో ఎవరికీ చెప్పింది కాదు. రాష్ట్రం విడిపోయిన మరుసటేడు అది. ఈ తాత అప్పుడు యూనివర్సిటీ జీపు తోల్తాండె. పులివెందుల అవతల సుగాలీ తండా నుంచి ఆమెను గురువారం గురువారం పిల్చకపోవాల, పిల్లోళ్ళకు పాట చెప్పనీకి. సంతకం గూడా రాదు, వేలిముద్రే. పాటలు మాత్రం శానా ఉన్నాయి గొంతులో. పాటల డిపార్టుమెంటు రాజశేఖర్ సారే పట్టుబట్టి పిలిపించె. మంచోడులే, ఆయన్నేమనగూడదు. జీపులో ముందు సీటే ఆమెకు. అద్దాల రవిక మీద ఎండ పడితే పైకప్పంతా చుక్కలు! అట్లుండె... ఏం చెప్తాంటి? ఆఁ, మొదటిరోజు. పిల్లోళ్ళంతా పుస్తకాలు తీసిరి. "రాయొద్దు, నా పక్కన కూర్చోని గొంతు కలపండి" అనె. సారేమో, "రాయకపోతే పరీక్ష ఎట్ల పెట్టేదమ్మా?" అని. "పరీక్ష నాకు పెట్టు సారూ. వాళ్ళకు పాట రాకపోతే నేను తప్పినట్ల" అనె.

ఇంగ పెండ్లికూతురు అమ్మనిడిసి పోతా ఏడ్చే పాట, వాళ్ళ సుగాలీ భాషలోది, ఎత్తుకొనె. ఒక చరణం పాడి ఆపితే, వెనక బెంచీలో నుంచి ఒక పిల్ల అందుకొనె! అందరూ తిరిగి చూసిరి. ఐశ్వర్య అని, ఏడాదిగా చదువుతాంది, సుగాలీ పిల్లనని ఒక్కరికీ చెప్పుకోలే. పాడతానే ఏడుస్తాంది. సాలీబాయి పోయి ఆ పిల్ల తల రొమ్ముకు ఆనించుకొనె, పాట మాత్రం ఆపలే. వాకిట్లో నిలబడిన నాకే కండ్లల్లో నీళ్ళు తిరిగె.

రెండేండ్లు నడిచె. తర్వాత కాయితం వచ్చె, డిగ్రీ లేనోళ్ళు క్లాసు చెప్పగూడదని. సారు తిరగని ఆఫీసు లేదు. ఆ మాట ఆమెకు చెప్పి రమ్మని నన్ను పంపిరి, చూడు, నన్ను! పోతే రోడ్డు మీద తయారుగా నిలబడుంది. జీపు తలుపు తీస్తి. ఈపొద్దు క్లాసు లేదక్కా, పా అని జమ్మలమడుగు దాకా తోల్కపోయి గండికోట చూపిస్తి. ఆడ అంత లోతున పెన్నను చూసి ఒక పాట పాడె. అర్థమేందని నేనడగలే. తండా కాడ జీపు దిగేటప్పుడు, "గురువారం వస్తావు గదా బాషన్నా?" అనె. "వస్తా అక్కా" అంటి.

పోలే. మూడు గురువారాలు ఆ రోడ్డు మీదనే నిలబడిందంట. కరోనాలో పోయిందని ఐశ్వర్య ఫోన్ చేసి చెప్పె. ఆ పాట అర్థం ఆ పిల్లనన్నా అడుగుదామంటే, ఒక్క ముక్క గుర్తుంటే గదా...

పో బేటీ, మీ అమ్మ పిలుస్తాంది.