ద్వితీయా విభక్తి

అసలు నువ్వెందుకు పెట్టావయ్యా మట్టయ్యా ఆ సంతకం? ముందు అది చెప్పు. టీ సంగతి తర్వాత. అండాలమ్మా, వద్దమ్మా, నిజంగానే వద్దు, స్టవ్ కట్టెయ్యి.

కూర్చోను. నిలబడే మాట్లాడతాను. అబిడ్స్ నుంచి రెండు బస్సులు మారి, ఎల్బీనగర్ చౌరస్తాలో దిగి, ఈ ఎండలో నడిచి, మా ఇంట్లోకి కూడా పోకుండా సరాసరి నీ వాకిట్లోకి వచ్చాను. మా ఆవిడ కోటేశ్వరమ్మ గేటు పట్టుకుని చూస్తూనే ఉంది. చూడనీ.

జనవరిలో కానిస్టేబుల్ వచ్చాడు కదా. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసు చెబుతున్న టైములో. 'మీ ఎదురింటి మల్లికార్జునరావు తుపాకీ లైసెన్సుకి పెట్టుకున్నాడు, మనిషి ఎలాంటివాడు' అని నిన్నడిగాడు కదా. నువ్వేమన్నావు? 'పదకొండేండ్ల సంది ఎరుక, బంగారమసుంటి మనిషి' అన్నావట. అని, కిందా మీదా చూడకుండా సంతకం గీకేశావట. చదివావా ఆ కాగితాలు? చదవలేదు. నాకు తెలుసు చదవలేదని. హయత్‌నగర్ డిపోలో లాగ్‌షీటు రెండుసార్లు చూసుకుంటే గాని బస్సు స్టీరింగ్ పట్టనంటావే, నా కాగితం చూడడానికి ఏం వచ్చింది నీకు?

నవ్వకు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఇదిగో, ఇదీ లైసెన్సు. ఏప్రిల్లో చేతికొచ్చింది. ఈ శుక్రవారం లోపల కొనాలి, లేకపోతే గడువు అయిపోతుంది. అందుకని పొద్దున్నే దుకాణానికి వెళ్ళాను. కొట్టువాడు ఎర్రగుడ్డ పరిచి, దాని మీద తుపాకీ పెట్టాడు. చిన్నదే. కానీ చేతిలోకి తీసుకుంటే, ఏమిటో, చెయ్యి కిందకి లాగేసింది. మా కోటేశ్వరమ్మ వారం నుంచి ఒకటే నస. దాన్ని ఎక్కడ పెడతారు, బియ్యం డబ్బాలోనా, దేవుడి గూట్లోనా అని. నిజంగా ఎక్కడ పెడతాం? బీరువా తలుపు సగం రోజులు మూసుకోనే మూసుకోదు.

కొట్టువాడు ఏమన్నాడో తెలుసా? 'గురి చూడండి సార్, పట్టు కుదిరిందో లేదో తెలుస్తుంది' అన్నాడు. అదిగో గోడ, ఆ క్యాలెండర్ మీద చూడండి అన్నాడు. చూశాను. ఎదుట ఎవరో ఒకరు ఉన్నారనుకోవాలి కదా మరి, గురి అంటే? ఎవరనుకోవాలి? ఎంత ప్రయత్నించినా ఒక్క మొహమే వచ్చింది. ఖాకీ చొక్కా, ఊడిపోయిన పై బొత్తాం చోట పిన్నీసు, ఆపైన ఆ మొహం.

నీదే. ఇంకెవరిది?

ఆ వస్తువు అక్కడే పెట్టేసి, రేపు వస్తానని చెప్పి బయటపడ్డాను. అందుకే అడుగుతున్నాను. తన మీదికి రాబోయే తుపాకీకి తనే సంతకం పెట్టే మనిషి లోకంలో ఉంటాడా? నీ ఉద్దేశం ఏమిటి? నన్ను వెర్రివాణ్ణి చేద్దామనా?

నీకేం భయం సార్ అంటావా? నీకు తెలీదూ? ఇరవై రెండేళ్ళయింది నేను ఈ ఊరొచ్చి. మా బిందు ఇక్కడే పుట్టింది. మీ పిల్లలతో ఆడి 'ఏంది నానా' అంటుంటే నేనే కసిరేవాణ్ణి. ఇప్పటికీ నన్ను సెటిలర్ అంటారు. ఇంకా ఎన్నేళ్ళకయ్యా నేను సెటిలయ్యేది? ఆ సమ్మెలో, సకలజనుల సమ్మెలో, మా కోచింగ్ సెంటర్ బోర్డు మీద రాయి పడింది. లోపల సంధులు చెబుతున్నాను నేను. ఎవరు వేశారో తెలియదు. గాజు పెంకులు ఏరింది మాత్రం నా క్లాసులో కూర్చున్న నల్గొండ పిల్లలే. అదీ నిజమే, ఇదీ నిజమే. దేన్ని నమ్మాలి నేను?

మీ తెలంగాణ మీకొద్దని ఎప్పుడైనా అన్నానా? అన్నాను. ఒకసారి అన్నాను, ఇదే అరుగు మీద. నువ్వేమో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, 'మీది మీకు, మాది మాకు సార్, నడ్మ గోడుంటే ఏంది, గోడ మీదికెల్లి కూరగిన్నె రాదా' అన్నావు. ఆ రోజంతా కోపంగానే ఉంది నాకు. రాత్రికి మీ ఇంటి నుంచి పచ్చిపులుసు వచ్చింది. తిన్నాను.

తిన్నాను కాబట్టే మండుతోంది. అర్థమవుతోందా?

సరే, దాచుకుని ఏం లాభం. అడిగేస్తాను. అక్టోబర్లో, సమ్మె నడుస్తుండగా, ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి నువ్వు ఈ అరుగు మీదే నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నావు. మీ డిపో వాళ్ళు పది మంది ఉన్నారు, గులాబీ కండువాలు వేసుకుని. నాలుగు రోజులుగా కరెంటు సరిగా లేదు, నల్లా నీళ్ళు లేవు. నేను మా గోడ దగ్గర మందారాలు కోస్తున్నాను, పూజకి. నువ్వు నన్ను చూడలేదు. నీ గొంతు తెలిసిందే కదా, బస్సు హారన్ కంటే పెద్దది. ఏమన్నావో అక్షరం పొల్లు పోకుండా చెబుతాను విను.

'ముందుగాల రావు సార్‌ను సంపు. అటెన్కనే మిగిలినోళ్ళది. గేటు నేనే తీస్త. నడ్మ ఎవ్వలన్న ఆపితే నా పేరు జెప్పు.'

అన్నావా లేదా? లేదనకు. ఈ చెవులతో విన్నాను.

పూలబుట్ట అక్కడే పడేశాను. మా గేటు తాళంచెవి ఒకటి నీ దగ్గరే ఉంటుంది కదా, మేం ఊరెళ్ళినప్పుడు చెట్లకి నీళ్ళు పోస్తావని ఇచ్చింది. 'గేటు నేనే తీస్త' అంటే నాకెలా ఉంటుంది? మంచంలో ఉన్న మా అమ్మని దుప్పటితో సహా ఎత్తి ఆటోలో వేసుకుని, వనస్థలిపురంలో మా బావమరిది బాపిరాజు ఇంటికి పోయాం. నాలుగు రోజులున్నాం అక్కడ. వాడే అన్నాడు, 'బావా, ఇంట్లో ఒక తుపాకీ ఉంటే ఎవడూ గేటు ముట్టడు, లైసెన్సుకి పెట్టు' అని. జీవితంలో టపాకాయ కూడా దూరం నుంచి కాల్చినవాణ్ణి నేను.

ఎందుకలా చూస్తావు? ఎందుకన్నావు ఆ మాట? ఏం చేశాను నీకు నేను?

ఏంటీ?

ఏ సంపు?

మళ్ళీ అను. మెల్లగా అను.

నీళ్ళ సంపా? నేలలో తవ్విన తొట్టా?

ఉండు, ఉండు. ఎవరితో మాట్లాడావు ఆ రోజు ఫోన్లో? మహిపాలా? ట్యాంకర్ మహిపాలా? సమ్మెలో ట్యాంకర్లు దొరక్క, మీర్‌పేట్ నుంచి అతన్ని బతిమాలి తెప్పించావా? ఒక్క ట్యాంకరేనా కాలనీ మొత్తానికి?

ఏమ్మా అండాలమ్మా? ఏమంటున్నావు? 'పెద్దమ్మకు రోజుకు మూడుమార్లు పక్కబట్టలు మార్చాలె, ఆళ్ళకే ముందుగాల గావాలె నీళ్ళు' అని నువ్వే చెప్పావా ఇతనికి? మా అమ్మ కోసమా? మంచం పట్టిన ఆ ముసలమ్మ కోసమా?

అవును. మా సంపు మూత గేటు లోపలే ఉంది. గేటు తీయాలి. సమ్మె వాళ్ళు రోడ్డు మీద బండి ఆపితే నీ పేరు చెప్పాలి. అవును.

నవ్వొద్దని చెప్పానా లేదా? దీన్లో నవ్వేదేముంది?

నాలుగు రోజుల తర్వాత వచ్చి మూత తీసి చూస్తే నిండుగా ఉంది. నల్లా వచ్చిందనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఆ నీళ్ళతోనే మా అమ్మకి ఒళ్ళు తుడిచాం. ఆ నీళ్ళతోనే కాఫీ పెట్టుకుని తాగాను. తాగి, ఆ సాయంత్రమే బల్ల ముందు కూర్చుని అర్జీ రాశాను.

'రావు సార్ సంపు' అన్నావు నువ్వు. షష్ఠి అది. రావు సార్ యొక్క సంపు. అంతే అన్నావు. 'ను' లేదక్కడ. ముప్పై ఏళ్ళ నుంచి బోర్డు మీద రాస్తున్నాను, 'నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి' అని. టీచరుద్యోగాలకి పోయే పిల్లలు వేలమంది చేత బట్టీ పట్టించాను. లేని 'ను' ఒకటి తెచ్చి నేనే తగిలించుకున్నాను. మీవాళ్ళు 'చ'ని 'స' అంటారు కదా, చంపు అనడానికి సంపు అన్నాడు అనుకున్నాను. మీ భాష నాకు బాగా తెలుసని పొగరు.

ఆ రెండో మాట దగ్గరైనా తట్టాలి కదా. 'మిగిలినోళ్ళది' అన్నావు. మిగిలినోళ్ళను అనలేదు. చంపేవాడు మిగిలినోళ్ళది అంటాడా? ఏడో క్లాసు పిల్లవాడు పట్టుకుంటాడు ఆ తప్పు. చదవేస్తే ఉన్న మతి పోయిందని, నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుంది ఆ సామెత.

నా మీద నాకే అసహ్యంగా ఉంది. నీ మీద కోపం మాత్రం ఇంకా పోలేదు. ఎందుకు పోలేదో అదీ చెబుతాను.

ఆ మేకుకి వేలాడుతోందే, నీలం దారం కట్టిన తాళంచెవి. మాదే కదా? అది మా గేటుకి పట్టదు. ఏడు నెలల నుంచీ పట్టదు. తాళం మార్చేశాను, నీకు చెప్పకుండా.

తెలుసా?

ఎప్పట్నుంచి తెలుసు? ఉగాదికి మేం విజయవాడ వెళ్ళినప్పుడా? చెట్లకి నీళ్ళు పోద్దామని వచ్చి చూశావా? మరి అడగలేదేం? అడగొచ్చు కదా! 'ఏంది సార్, తాళం మార్చినవ్' అని ఒక్క మాట. నువ్వు ఆ ఒక్క మాట అడిగుంటే ఇదంతా అప్పుడే తేలిపోయేది కాదూ? తెలిసి కూడా దాన్ని మేకు మీదే ఉంచావు. ఎందుకు?

పోనీలే. చెప్పకు. వినలేను.

ఇంకొకటుంది. అసలుది. అండాలమ్మా, నువ్వూ ఉండమ్మా, లోపలికి పోకు.

ఆ కానిస్టేబుల్ తెచ్చింది ఒక్క కాగితం కాదు. ఎనిమిది కాగితాల కట్ట. ఆఖరి దాని మీద నీ చేత సంతకం పెట్టించాడు. అతనూ చదివి ఉండడు. మూడోది నా అర్జీ. నా చేతిరాత. ముత్యాల్లా ఉంటుంది నా రాత, అందరూ అంటారు. పైనుంచి ఐదో వరుసలో ఉంది.

'ఎదురింటి మట్టయ్య వలన నాకును, నా కుటుంబమునకును ప్రాణభయము కలదు.'

పంచమీ విభక్తి. వలన. వాక్యంలో ఒక్క తప్పు లేదు మట్టయ్యా.

ఏం, ఇప్పుడు నవ్వవేం? ఇందాకటి నుంచీ నవ్వావుగా. తిట్టు. నాలుగు తిట్టు. అండాలమ్మా, నువ్వైనా అను. పచ్చిపులుసు పంపిన చేత్తో ఒక్కటి ఇచ్చినా పడతాను. ఆ కొంగు అలా నోటికి అడ్డం పెట్టుకోకమ్మా, నావల్ల కావడం లేదు.

నేను కొనను. ఆ కొట్టుకి మళ్ళీ పోను. శుక్రవారం వస్తుంది, పోతుంది. కానీ గడువు దాటిపోయినంత మాత్రాన ఐదో వరుస చెరిగిపోదు కదా. ఆ స్టేషన్ బీరువాలో నీ పేరు అలాగే కూర్చుని ఉంటుంది. రేపు ఈ గల్లీలో ఎక్కడ ఏం జరిగినా, ఎవడో ఒకడు ఆ కట్ట విప్పుతాడు. అప్పుడు చదువుతాడు, కచ్చితంగా చదువుతాడు. పిల్లలున్నవాడివి. సర్కారు ఉద్యోగం లాంటి ఉద్యోగం.

అందుకని ఇంకో అర్జీ రాయాలి. లైసెన్సు వాపసు ఇస్తున్నానని, ముందు రాసింది అబద్ధమని. ఇక్కడే రాస్తాను, ఈ అరుగు మీదే. ఒక తెల్లకాగితం ఇవ్వమ్మా. కారణం రాయాలి కదా, ఏం రాయను? సంపు అంటే సంపు అని తెలియలేదని రాయనా? రాస్తాను. స్టేషన్‌లో నవ్వితే నవ్వనీ. రేపు పొద్దున నేనే పట్టుకెళ్ళి, వాళ్ళ ముందు నిలబడి చదివి వినిపిస్తాను.

కూర్చుంటాను మట్టయ్యా. కాళ్ళు లాగేస్తున్నాయి. కొంచెం జరుగు.

కింద సాక్షి సంతకం ఒకటి కావాలి. ఈ గల్లీలో ఎవరిని అడగను? మళ్ళీ నిన్నే అడగాలి. చూడు నా బతుకు.

పెన్ను నా దగ్గరే ఉంది. ఈసారైనా చదివి పెట్టు.