గోడ పట్టుకున్నావిడ

ఈతకొలను ఆఫీసులో కోచ్ కొత్త పోస్టరు బల్ల మీద పరిచాడు. తడి జుట్టు తుడుచుకుంటూ టైలరమ్మ వంగి చూసింది. చూడగానే ఒళ్ళు మండింది.

“మళ్ళీ ఈ పతకాల అబ్బాయేనా తమ్ముడూ?”

“ఈత నేర్చుకునే మన పెద్దవాళ్ళ బ్యాచ్‌కి ఇంతకన్నా మంచి ముఖం ఎక్కడ దొరుకుతుందక్కా?”

“పోయినేడూ ఇతనే. ఎంతమంది చేరారు?”

“ముగ్గురు.”

“ఈత రానివాళ్ళేనా?”

“లేదు. ముగ్గురికీ ముందే వచ్చు.”

“చూశావా. రానివాళ్ళు ఇతన్ని చూసి గేటు దగ్గరే తోక ముడుస్తున్నారు. నా ఫోటో వెయ్యి.”

“మీరింకా కొలను గోడ వదల్లేదు కదక్కా.”

“యాభై నాలుగేళ్ళకి నీళ్ళలో దిగాను. గోడ పట్టుకునే ఉంటాను, అలాగే తియ్యి.”

కోచ్ నవ్వు ఆపుకుని ఫోన్ అందుకున్నాడు. “కింద ఏం రాయమంటారు?”

“రోజూ పొద్దున ఆరింటికి ఈవిడ ఇక్కడే ఉంటుంది, పక్కన గోడ పట్టుకోడానికి ఇంకా చోటుంది అని రాయి.”