ముసుగు కొలతలు

ఎదురుగా సినిమా హాలు గోడ మీద తోడల్లుడి బొమ్మ చూసినప్పటి నుంచి టైలరుకి టీ కూడా సహించడం లేదు. ఎప్పుడో బోల్తా కొట్టిన సినిమా అది. బొమ్మల పుస్తకంలోని ముసుగు మనిషి కథ, సగం దొంగ, సగం దొర. ఇన్నేళ్లకి జనానికి ముద్దొచ్చి మళ్ళీ ఆడిస్తున్నారు. ముసుగు వేసుకుని నటించిన తోడల్లుణ్ణి ఈ సాయంత్రం స్టేజీ ఎక్కిస్తారట. ముసుగు కుట్టినవాణ్ణి పిలిచే నాథుడు లేడు. ఒళ్ళు మండదూ మరి?

"ఆ ముసుగు కుట్టింది నేనే," అన్నాడు టీ కొట్టు బెంచీ మీద బాసింపట్టు వేసుకుని. అంతవరకూ నిజమే. అక్కడ ఆగితే బాగుండేది.

"కుట్టి ఒకసారి తొడుక్కుని చూశానా, నాకు అతికినట్టు సరిపోయింది. అది చూసి డైరెక్టరు నా చేతులు పట్టుకున్నాడు. మేడ మీంచి దూకే షాటు మీరే చెయ్యాలన్నాడు. మావాడేమో అప్పటికే గజగజ వణుకుతున్నాడు. సరే, మరదలి మొహం చూసి ఒప్పుకున్నా."

"ఎన్ని అంతస్తులేంటి?" అన్నాడు సైకిల్ షాపాయన.

"నాలుగు. పైన ఇంకో మూడు వేయించారులే. తాడు కడతామంటే వద్దని దూకేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దారిలో చొక్కా కుట్టు పుటుక్కుమంది. జేబులో సూదీ దారం ఉండనే ఉన్నాయి, గాల్లోనే కుట్టేసుకున్నా. ఇంతలో కెమెరాలో రీలు అయిపోయిందని కింద నుంచి కేకలు. ఏం చేస్తాం, రీలు మార్చేదాకా అలాగే గాల్లో నిలబడ్డా!"

"మరి ఆఖర్న విలన్ని వదిలేసి స్తంభానికి గుద్దుకున్నదీ నువ్వేనా?"

"ఛ, అది వాడే! సినిమాని ముంచిందే ఆ స్తంభం. ఎదురుగా ఉన్న మనిషి కనపడకపోవడమేంటి, చోద్యం కాకపోతే!"

గ్లాసులు కడుగుతున్న టీ కొట్టు పిన్ని తలెత్తింది. "బాబూ, ఆ ముసుగుకి కొలతలు ఎవరి తలకి తీశావు?"

"వాడి తలకెందుకు పిన్నీ? వీరుడంటే తల ఇలా ఉండాలని నా తలకే..."

నోరు టక్కున మూసుకున్నాడు. కానీ అప్పటికే సైకిల్ షాపాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ చొక్కాలో తోడల్లుడు వచ్చాడు. "అన్నయ్యా, ఇక్కడున్నారా? స్టేజీ మీద నా పక్కన మీకూ కుర్చీ వేయించాను. ఆ స్తంభం సీనుకే జనం ఈలలు వేస్తున్నారట. ఎందుకు గుద్దుకున్నావని అడుగుతారు. కళ్ళ దగ్గర ఉండాల్సిన కన్నాలు నా చెంపల మీదకొచ్చాయని చెప్పన్లెండి, మీకు చిన్నతనం. నేనే చూసుకోలేదంటాను, ఎప్పట్లాగే."

ఆ సినిమా తర్వాత చూపు సరిగా లేదంటూ తోడల్లుడికి ఒక్క వేషం రాలేదు. ఆ సంగతి టైలరుకి తెలుసు. సిగ్గుతో చచ్చిపోవాలి నిజానికి. కానీ ఆ మంచితనం చూస్తే అతనికి ఇంకా కుళ్ళొచ్చింది.

"కుర్చీ ముందు వరసలోనేనా?" అన్నాడు గొంతు సవరించుకుని.

"గాల్లో నిలబడేవాడివి," అంది పిన్ని, "నీకు కుర్చీ ఎందుకు బాబూ?"