బోర్డు కింది వరస

రేపు తెరుస్తావా షాపు? ఇంకే రోజూ దొరకలేదట్రా అబ్బాయ్ నీకు? ఎల్లుండి పెట్టుకో. చొక్కాకేం, సాయంత్రానికే ఇచ్చేస్తా. ఈ వీధిలో రేపటి తారీఖున ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరు. శకునమూ లేదు, గికునమూ లేదు, ఒట్టి కక్ష. కదలకు, భుజం కొలుస్తున్నా. నువ్వు తీసుకున్న గదిలో పూర్వం సెలూన్ ఉండేదిలే. దాని ఓనరు గుమ్మం పక్కన నల్లబోర్డు పెట్టి రోజూ పొద్దున్నే రాసేవాడు, చరిత్రలో ఈ రోజు అని. పైన లోకం సంగతి, ఫలానా రాజు గద్దెనెక్కాడు, ఫలానా ఓడ మునిగింది. అక్కడితో ఆగితే మహానుభావుడే. కింద వీధి సంగతి రాసేవాడు. 'ఈ రోజే మన దర్జీ పెళ్ళికొడుకు ప్యాంటు ఒక కాలు పొట్టిగా కుట్టాడు.' ఏటేటా అదే తారీఖున, రాజుగారి కింద నేను. ఆ పెళ్ళికొడుక్కి మనవలు పుట్టినా నా ప్యాంటు మాత్రం పాతబడలేదు. పాలాయన మెట్ల మీంచి దొర్లిన రోజు, మా ఆవిడ అలిగి పుట్టింటికెళ్ళిన రోజు, అన్నీ ఎక్కాయి. ఇదేం పనిరా అంటే, "జరిగింది రాశాను బావా, చరిత్రని నేనేం చెయ్యను" అనేవాడు, మెడ మీద కత్తి పెట్టి మరీ. గడ్డం సగంలో ఉండగా ఎవడు తగువాడతాడు?

అయితే వాడికీ ఓ దిగులుండేది. వాడి పుట్టినరోజున, అంటే రేపటి తారీఖునే, పై వరస నిండుగా ఉండేది గానీ, కింద రాయడానికి వీధిలో ఒక్క సంగతీ జరగలేదు. ఏదైనా చెయ్యండ్రా, సైకిలు కొనుక్కోండి, కనీసం కొట్టుకోండి అని బతిమాలేవాడు. దొరికాడు కదా, అందరం కూడబలుక్కున్నాం. పాలాయన కూతురి పెళ్ళిచూపులు ఆ రోజు పడితే మర్నాటికి జరిపాడు. అత్తాకోడళ్ళు కూడా నోళ్ళు మూసుకున్నారు, అదెంత కష్టమో నీకింకా తెలీదులే. వాడు చాక్‌పీసు పట్టుకుని పొద్దస్తమానం గుమ్మంలో కూచునేవాడు. మేం కిటికీల వెనక పడీ పడీ నవ్వేవాళ్ళం. చీకటి పడ్డాక బోర్డు అలాగే లోపలికి పట్టుకుపోయేవాడు.

పోయాడు, ఓ వానాకాలం. ఆ ఏడు కూడా కూచున్నాడ్రా గుమ్మంలో, చాక్‌పీసు పట్టుకుని. కక్ష ఎవడి మీదో వాడే లేడు, మేమింకా ఆ రోజు ఏమీ చెయ్యకుండా కూచుంటున్నాం. బుద్ధిలేని జనం. ఒక్క సైకిలు కొంటే మా సొమ్మేం పోయేది?

ఆ గుండీల డబ్బాల కింద నల్లగా కనిపిస్తోందే, అదే ఆ బోర్డు. డబ్బాలు తీసి తడిగుడ్డతో తుడువు. సుద్దకేం, దర్జీ దగ్గర సుద్దకి కొదవా. షాపు రేపే తెరువు. పై వరసలో ఏ రాజుండాలో నాకు తెలీదు, కింది వరస చాలు.

ఏదీ, చెయ్యెత్తు. చంక దగ్గర వదులుండాలా, బిగుతుండాలా?