కళ్ళు మూసుకుని చూసిన ఇల్లు

కొత్త ఊళ్ళో పొద్దుట్నుంచీ అద్దె ఇళ్ళు చూసి చూసి అతనికి కాళ్ళు పీకుతున్నాయి. బ్రోకరు కింద ఫోన్లో ఉన్నాడు. ఖాళీ పడగ్గదిలో భార్య కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ బాత్రూము వైపు నడుస్తోంది.

“మళ్ళీ మొదలెట్టావా? ప్రతి ఇంట్లోనూ ఈ దాగుడుమూతలేంటి?”

“ఉండండి... గడప తగిలింది. ఇది కుదరదు.”

“గడపుందని ఇల్లు వద్దంటావా! సాయంత్రం మన తిరుగు రైలు. దేశం ఆ కొస నుంచి సామాను లారీ వచ్చేస్తే ఎక్కడ దింపమంటావు, నా నెత్తి మీదా?”

“మనింట్లో మంచం దిగితే ఎడమ చేతికి గోడ, గోడ చివర బాత్రూము, మధ్యలో అడ్డేమీ లేదు. అలాంటిదే కావాలి.”

“ఎందుకూ?”

ఆమె కళ్ళు తెరిచింది గానీ అతని వైపు చూడలేదు.

“అత్తయ్య మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు.”

“అమ్మా? ఏం చెప్పొద్దంది?”

“చీకటి పడితే ఆవిడకేమీ కనబడట్లేదండీ. పగలూ అంతంతమాత్రమే. డాక్టరు కూడా పెదవి విరిచేశారు. ఆ ఇల్లు అలవాటు కాబట్టి నెట్టుకొస్తున్నారు. తెలిస్తే మీరీ ఊళ్ళో ఉద్యోగం వదిలేసుకుంటారని భయం.”

అతను గడప వైపు చూశాడు.

“మొన్న నా చొక్కా తిరగేసి మడతపెట్టింది. ధ్యాస ఎక్కడుందమ్మా అని విసుక్కున్నాను.”

మంచం పడే చోటికి వెళ్ళి అతను కళ్ళు మూసుకున్నాడు. గోడ పట్టుకుని నడిచాడు. గడప తన్నుకుని తూలాడు. కళ్ళు తుడుచుకుని, కిటికీలోంచి కిందికి కేకేశాడు.

“ఇది కాదండీ! ఇంకో ఇల్లు చూపించండి.”